నేరము డిస్కుది కాదు

"డీవీడీలో అంతేనండీ, ఇంతకన్నా రాదు" అను మాటను తెలుగునాట పెండ్లి వీడియో తీయించుకొన్న గృహస్థులలో వినని వారు అరుదు. స్టూడియో బల్లకు ఆవలి వైపున కూర్చున్న యజమాని ఆ మాటను ఎంత నిశ్చింతగా పలుకునో, ఈవలి వైపున నిలుచున్న పెండ్లికూతురి తండ్రి దానిని అంత వినయముగా శిరసావహించును. టీవీ అమ్మువాడును, కేబులు బిగించువాడును, ఇంజనీరింగు చదువుచున్న మేనల్లుడును తలయూపి దానిని ధ్రువపరతురు. హెచ్‌డీ కెమేరాతో తీసిన చిత్రము ఎడిటింగు కంప్యూటరు మీద చూచినప్పుడు నిర్మలముగా నుండి, డిస్కులోనికి దిగి ఇంటి టీవీ మీదికి వచ్చుసరికి మసకబారి, గళ్లుగళ్లుగా పగిలి, అంచులు రంపపు పండ్లై కనబడుచున్నదన్నచో, అది డీవీడీ యను పాతబడిన సాధనము యొక్క సహజ దౌర్బల్యమేగాని మనుష్యుల చేతలలోని లోపము కాదని వీరి వాదము. ఈ వాదమునకు గల ప్రచారమునకు కారణము దాని సత్యము కాదు, దాని సౌకర్యము; ఏలయనగా దీనివలన కెమేరా పట్టినవాడును, కత్తిరించి కూర్చినవాడును, డిస్కు వ్రాసినవాడును ఒక్కమారుగా నిర్దోషులై, నోరులేని ఒక ప్లాస్టికు పళ్లెము మాత్రము దోషియై మిగులును. డిస్కుపై మోపబడుచున్న నేరములలో అధికభాగము, ఎడిటింగు ముగిసిన పిమ్మట టైంలైనుకును డిస్కునకును నడుమ నున్న ఎక్స్‌పోర్టు అను ఘట్టములో, తెలియనితనమువలనను తొందరవలనను జరుగుచున్నవని నా వాదము.

ఇందులకు ఒక పరీక్ష చాలును. అదే ప్లేయరులో, అదే టీవీ మీద, శ్రద్ధతో తయారైన ఒక సినిమా డీవీడీని పెట్టి చూడుడు. ముఖములు ముఖములుగానే యుండును. చీరె అంచు చెదరదు. చీకటి దృశ్యములో గళ్లు లేవవు. ఆ డిస్కునకును మీ పెండ్లి డిస్కునకును నిబంధనలు ఒక్కటియే. 1996 చివర జపానులోను, 1997లో అమెరికాలోను అంగడికెక్కిన నాటినుండి డీవీడీ వీడియోకు ప్రధానమైన సంపీడన పద్ధతి ఎంపెగ్‌-2. మన దేశము అనుసరించు పాల్ విధానమున చిత్రమునకు అడ్డముగా 720, నిలువుగా 576 చుక్కలు. సెకనుకు 25 ఫ్రేములు. సినిమా కంపెనీవారికి ఒక్క చుక్కయైనను అదనముగా మంజూరు కాలేదు. వారి డిస్కులు పెక్కింటికి రెండు పొరలుండి, 470 కోట్ల బైట్లకు మారుగా 850 కోట్ల బైట్లు పట్టునన్న మాట నిజమే. కాని రెండు పొరల ఖాళీ డిస్కులు స్టూడియోలవారికిని దొరకునవే. అసలు భేదము మరియొకచోట నున్నది. డీవీడీ యౌవనములో నున్న దినములలో పెద్ద సంస్థలయందు కంప్రెషనిస్టు అను ప్రత్యేక ఉద్యోగి యుండెను. అతడు దృశ్యము వెంట దృశ్యమును పరిశీలించి, దేనికి ఎన్ని బిట్లు కేటాయింపవలెనో నిర్ణయించి, నచ్చని ఘట్టమును మరల ఎన్‌కోడు చేయుచుండెను. మన స్టూడియోలలో ఆ యుద్యోగమును నిర్వహించుచున్నది, రాత్రి పదకొండు గంటలకు "ఎక్స్‌పోర్ట్" అను మీటను నొక్కి ఇంటికి పోవు కుర్రవాడు.

అయినను ప్రతిపక్షమువారి వాదములో లేశమైన నిజమును ముందుగా ఒప్పుకొనుట మర్యాద. హెచ్‌డీ చిత్రమున 1920ని 1080తో హెచ్చింపగా 20,73,600 చుక్కలు. డీవీడీ చిత్రమున 720ని 576తో హెచ్చింపగా 4,14,720. అనగా సరిగా ఐదవ వంతు. తక్కిన నాలుగు వంతులు పోయిన మాట వాస్తవము. పోయినవానిని ఏ మాంత్రికుడును తిరిగి తేజాలడు. కాని ఫిర్యాదు చేయు గృహస్థుడు ఏమని ఫిర్యాదు చేయుచున్నాడు? పందిటి చివర కూర్చున్న పెదనాన్నగారి మీసములో వెండ్రుకలు లెక్కకు వచ్చుట లేదని కాదు. తలంబ్రాలు పోయునప్పుడు తెర యంతయు చదరపు గళ్లయిపోయినదనియు, పెండ్లికూతురు చేయి కదిపినప్పుడెల్ల గాజుల చుట్టును దువ్వెన పండ్ల వంటి గీతలు లేచుచున్నవనియు, వధూవరుల పేర్లు వేసిన అక్షరములు వణకుచున్నవనియు, అందరి ముఖములును నిలువుగా సాగినవనియు అతని మొర. ఈ నాలుగింటిలో ఒక్కటియు చుక్కల కొరతవలన పుట్టినది కాదు. చుక్కలు తగ్గిన చిత్రము మృదువుగా కనబడునేగాని పగలదు, వణకదు, సాగదు. ఐదవ వంతు చుక్కలున్న నిర్దుష్టమైన చిత్రమును చూచి ఎవ్వడును మొర పెట్టుకొనడు. సినిమా డీవీడీని ఇన్ని యేండ్లు చూచిన జనమే ఇందులకు సాక్షి.

మొదట ఆ దువ్వెన గీతల మాట. పాల్ విధానమున ప్రతి ఫ్రేమును రెండు ఫీల్డులు. ఒక ఫీల్డులో బేసి గీతలు, సెకనులో ఏబదవ వంతు గడచిన పిమ్మట మరియొక ఫీల్డులో సరి గీతలు. అనగా ఒకే ఫ్రేములో రెండు క్షణములు ఇమిడియున్నవి; ఈ అల్లికయే ఇంటర్లేసు. పాత మినీ డీవీ కెమేరాలు క్రింది ఫీల్డును ముందుగా వ్రాయును. తరువాత వచ్చిన 1080 ఇంటర్లేసు హెచ్‌డీ కెమేరాలు పై ఫీల్డును ముందుగా వ్రాయును. డీవీడీకి ఏదైనను సమ్మతమే. ఏది ముందో సత్యము చెప్పవలెనన్నదే దాని నియమము. ఈ ఒక్క సెట్టింగు తారుమారైనచో కాలము ఒక అడుగు ముందుకును ఒక అడుగు వెనుకకును నడచుచున్నట్లు, కదలిక యున్న ప్రతిచోట బొమ్మ ఊగులాడును. కంప్యూటరు మానిటరు మీద ఇది సరిగా కనబడదు గనుక ఎడిటరు దీనిని ఎరుగడు. ఇంటికి పోయిన డిస్కు టీవీ మీద చూపును. నింద డిస్కునకు దక్కును.

దీనికంటె ఘోరమైనది చిత్రమును కుదించు పద్ధతి. ఇంటర్లేసు చిత్రపు 1080 గీతలను 576 గీతలకు దింపవలసినప్పుడు, రెండు ఫీల్డులును కలిసిన ఫ్రేమును ఒకే నిశ్చలచిత్రమని భావించి ఒక్క పెట్టున కుదించినచో, రెండు వేర్వేరు క్షణముల గీతలు ఒకదానిలో ఒకటి కరగిపోవును. అగ్నిహోత్రము చుట్టును ప్రదక్షిణము చేయుచున్న దంపతుల వెంట వారి నీడ వంటి రెండవ రూపము నడచుట ఎందరో చూచియుందురు. అది ఇట్లు పుట్టినదే, ఆ మీదట దానికి చికిత్స లేదు. సరియైన మార్గము, ప్రతి ఫీల్డును నిండు ఫ్రేముగా విస్తరించి సెకనుకు 50 పూర్తి చిత్రములను సాధించి, వానిని 576 గీతలకు కుదించి, పిదప మరల రెండేసి చిత్రములనుండి ఒక్కొక్క ఫీల్డును తీసి అల్లుట. ఈ పనిని ఉచితముగా లభించు అవిసింత్ అను సాధనము క్యూటీజీఎంసీ అను వడపోతతో కలిసి చక్కగా నెరవేర్చును. మంచి ఎడిటింగు సాఫ్ట్‌వేరులును సెట్టింగులు సరిగా నున్నచో ఓర్పుతో చేయును. మన స్టూడియోలలో జరుగునది వేరు: గీతలు లేచుచున్నవన్న బెదురుతో "డీఇంటర్లేస్" గడిలో ఒక టిక్కు పెట్టి, ఒక ఫీల్డును పూర్తిగా పారవేసి, మిగిలిన దానిని రెండింతలు సాగదీయుదురు. 576 గీతల డిస్కులో 288 గీతల చిత్రమును కూర్చుండబెట్టి, "చూశారా, డీవీడీలో ఇంతే క్లారిటీ" అందురు. తన చేతితో సగము చిత్రమును తీసి చెత్తబుట్టలో వేసినవాడు, సంచిలో చోటు లేదనుట ఎంతటి ధాష్టీకము!

ఇక గళ్ల మాట. ఇది కేవలము లెక్క; ఎనిమిదవ తరగతి పిల్లవాడు చేయగల లెక్క. ఒక పొర డిస్కులో 470 కోట్ల బైట్లు. బైటుకు ఎనిమిది బిట్లు గనుక 3,760 కోట్ల బిట్లు. మూడు గంటల పెండ్లి యన్నచో 10,800 సెకన్లు. భాగింపగా సెకనుకు వచ్చునది దాదాపు 34.8 లక్షల బిట్లు. ఇందులోనే బొమ్మయు, ధ్వనియు, మెనూలును ఇమడవలెను. ఇప్పుడు ధ్వనిని పీసీఎం అను సంపీడనము లేని రూపమున ఉంచినచో, అది ఒక్కటియే సెకనుకు 15.36 లక్షలు మ్రింగును. బొమ్మకు మిగులునది 19 లక్షల చిల్లర. అదే ధ్వనిని డాల్బీ డిజిటల్ రూపమున, స్టీరియోకు చాలిన 1.92 లక్షల రేటున ఉంచినచో బొమ్మకు సుమారు 33 లక్షలు దక్కును. అనగా ధ్వని సెట్టింగులో ఒక్క మార్పుతో బొమ్మ భాగము దాదాపు 70 శాతము పెరుగును. ఈ మార్పువలన సన్నాయిలోని శ్రుతి ఇసుమంతయు చెడినట్లు ఇంటి టీవీ స్పీకరులో కనిపెట్టగలవాడు నాకు ఇంతవరకు తారసపడలేదు. అయినను స్టూడియోల డిస్కులను కంప్యూటరులో తెరచి చూచినచో ఎన్నింటిలోనో పీసీఎం ధ్వని యథేచ్ఛగా విస్తరించి యుండుటయు, దాని ప్రక్కన బొమ్మ ఊపిరాడక గళ్లుపడి యుండుటయు కానవచ్చును.

ఈ లెక్కను చూచినవారికి రెండవ సత్యము దానంతట అదే గోచరించును. గంటన్నర చిత్రమునకు సెకనుకు దాదాపు 70 లక్షల బిట్లు వచ్చును. రెండు గంటలకు 52 లక్షలు. మూడు గంటలకు ఇందాక చెప్పిన 34.8 లక్షలు. పెండ్లికి రెండు డిస్కులిచ్చుట అగౌరవమని ఎవరు శాసించిరో తెలియదు. పెండ్లికొడుకును చేయుట మొదలు అప్పగింతల వరకు సర్వమును ఒక్క డిస్కులో కుక్కి ఇచ్చుట ఒక ఘనకార్యముగా చెలామణి యగుచున్నది. ఒకప్పుడు కాలిబాటల మీద ఐదేసి సినిమాలు ఒకే డిస్కులో అమ్ముచుండిన వారి సిద్ధాంతమునకును దీనికిని భేదము లేదు. వారైనను చౌకగా అమ్మిరి.

ఇచ్చట ప్రతిపక్షములో రెండవ శాఖవారు లేచి, "మేం మాక్సిమం బిట్‌రేట్ పెట్టేశాం సార్" అందురు. వీరు మొదటివారికంటె ప్రమాదకరులు, ఏలయనగా వీరికి తాము శ్రద్ధ వహించితిమన్న తృప్తి కూడ కలదు. డీవీడీ నియమము ప్రకారము బొమ్మకు గరిష్ఠము సెకనుకు 98 లక్షల బిట్లు. బొమ్మయు ధ్వనియు సమస్తమును కలిపి 100.8 లక్షలు. బొమ్మకు 90 లక్షలు పెట్టి, ప్రక్కన పీసీఎం ధ్వనిని చేర్చినవాడు 105 లక్షలు దాటి నియమమునే ఉల్లంఘించినాడు. నియమమునకు లోబడి యున్నను, ఇంటిలో కాల్చిన డిస్కు, కర్మాగారములో అచ్చొత్తిన డిస్కువలె కాంతిని ప్రతిఫలింపదు. పాత ప్లేయరులు గరిష్ఠపు రేటులో దానిని చదువలేక తడబడును. బొమ్మ ఆగి ఆగి నడచును. అనుభవజ్ఞులు 80 లక్షలను పైహద్దుగా పెట్టుకొనుట ఇందులకే. మరియు మూడు గంటల చిత్రమును గరిష్ఠపు రేటులో ఎక్స్‌పోర్టు చేసినచో ఆ ఫైలు డిస్కులో పట్టదు. అప్పుడు, డిస్కును కూర్చు ఆథరింగు సాఫ్ట్‌వేరు "ఫిట్ టు డిస్క్" అను దయామయమైన మీటను చూపును. దానిని నొక్కగానే, అంతవరకు ఒకసారి నలిగిన బొమ్మ, ఎవ్వరును చూడకుండ, రెండవసారి నలుగును.

గొప్ప బిట్‌రేటు అనునది లేదు. తగిన పంపకము కలదు. ఎంపెగ్‌-2 పద్ధతిలో పన్నెండు పదునైదు ఫ్రేములు ఒక గుంపు. ఆ గుంపులో మొదటిది మాత్రమే స్వయంపూర్ణమైన చిత్రము. తక్కినవానిలో ముందువెనుకల ఫ్రేములతో పోల్చగా ఏమి కదలినదో, ఏమి మారినదో ఆ భేదము మాత్రమే వ్రాయబడును. పురోహితుడు మంత్రము చదువుచు కదలక కూర్చున్న దృశ్యమునకు భేదము స్వల్పము, బిట్లు స్వల్పము. తలంబ్రాల దృశ్యమునకు వత్తము. వేలకొలది పసుపు బియ్యపుగింజలు, ఒక్కొక్కటి ఒక్కొక్క దారిలో, మెరయుచు, తిరుగుచు, ఒకదానినొకటి మరుగుపరచుచు పడుచుండగా, ఏ గింజ ఏ ఫ్రేమునుండి ఏ ఫ్రేమునకు ఎచ్చటికి పోయినదో ఎన్‌కోడరు వెదకి పట్టుకొనలేదు. చాలదన్నట్లు పది కెమేరాల ఫ్లాషులు. ఫ్లాషు వెలిగిన ఫ్రేము తెల్లబడి, ముందు ఫ్రేముతోను వెనుక ఫ్రేముతోను సంబంధము తెగి, ఎన్‌కోడరునకు సరిక్రొత్త దృశ్యము వలె తోచును. మంగళసూత్రధారణ సమయమున, అనగా ఆ డిస్కులో ఎవ్వరైనను మరల మరల చూడగోరు ఆ అర నిమిషమున, ఇట్టి ఫ్రేములు వరుసగా వచ్చును. స్థిరమైన బిట్‌రేటు పెట్టినవాడు, చెరువు తూము నీటిని వరి మడికిని మెట్ట చేనికిని ఒకే కొలతగా వదలిన నీరటికాని వంటివాడు. మెట్ట చేనిలో నీరు నిలువయై యుండగా వరి ఎండిపోవును. మారు బిట్‌రేటును, రెండు పర్యాయముల ఎన్‌కోడింగును పెట్టినచో, మొదటి పర్యాయమున ఎన్‌కోడరు చిత్రమంతయు చదివి ఏ దృశ్యము ఎంత కష్టమో గుర్తించుకొని, రెండవ పర్యాయమున మంత్రముల వద్ద మిగిల్చిన బిట్లను తలంబ్రాలకు వెచ్చించును. దీనికి అగు ధర, యంత్రమునకు రెట్టింపు సమయము, అంతే. టీఎంపీజీఎన్‌క్, సినిమా క్రాఫ్ట్, ప్రోకోడర్ వంటి సాధనములు ఈ పనిని ఏండ్ల క్రిందటనే చేసినవి. ఉచితమైన హెచ్‌సీ ఎన్‌కోడరును చేసినది. సాధనము లేదను సాకు చెల్లదు.

ఈ సందర్భమున గులాబీరేకుల ప్రస్తావన చేయక తప్పదు. వధూవరులు నిలుచున్న దృశ్యము మీద కంప్యూటరు పుట్టించిన గులాబీరేకులను, మిణుగురు చుక్కలను, తేలియాడు హృదయములను కురిపించుట మన ఎడిటింగులో ఒక ఆచారమై కూర్చున్నది. అభిరుచి సంగతి అట్లుండనిండు, లెక్క చూడుడు. ఆ రేకులు ఒక్కొక్కటి తలంబ్రపు గింజవలెనే ఎన్‌కోడరును బాధించును. చిత్రమునకు గల పరిమితమైన బిట్లలోనుండి వాటికి కావలసినవి వాటికి పోగా, మిగిలినవి వధువు ముఖమునకు చెందును. కన్నతండ్రి సొమ్మిచ్చి తీయించుకొన్నది కుమార్తె ముఖమునుగాని, ఏ దేశపు కంపెనీయో తయారుచేసి అమ్మిన రేకులను గాదు. అర్ధరాత్రి ముహూర్తములలో వెలుగు చాలక కెమేరా గెయిన్ పెంచినప్పుడు పుట్టు ఇసుక వంటి నలతయు ఇట్టిదే. అదియు ప్రతి ఫ్రేమున మారుచు, బిట్లను హరించును. ఎక్స్‌పోర్టుకు ముందు తేలికపాటి వడపోతతో దానిని శాంతింపజేసిన ఎడిటరు, క్రొత్త కెమేరా కొన్న ఎడిటరుకంటె ఎక్కువ మేలు చేసినవాడగును. "కెమేరా మార్చాలండీ" అని లక్షలు అప్పు చేసి, మార్చిన కెమేరాలోని చిత్రమును అదే పాత ఎక్స్‌పోర్టు ప్రీసెట్టులో నూరి, ఫలితము మారలేదని మరల డిస్కునే నిందించువారిని చూచి నవ్వవలెనో జాలిపడవలెనో తెలియదు.

అన్నిటికంటె తరచుగా జరుగు అపచారము ఇంకొకటి మిగిలియున్నది. టైంలైను నుండి యూట్యూబునకు పనికివచ్చు ఎంపీ4 ఫైలు నొకటి తీసి, దానినే ఆథరింగు సాఫ్ట్‌వేరులో పడవేయుట. హెచ్.264 అను సంపీడన పద్ధతిలో గాఢముగా నలిగి, సూక్ష్మ వివరములు పోగొట్టుకొన్న చిత్రమును అది మరల విప్పి, ఎంపెగ్‌-2గా మరల నలుపును; మొదటి సంపీడనమువలన పుట్టిన మచ్చలను రెండవ ఎన్‌కోడరు చిత్రములోని నిజమైన వివరములని భ్రమించి, వానిని కాపాడుటకు బిట్లు వ్యయించును. చేయవలసినది సులభము. టైంలైను నుండి నేరుగా డీవీడీ నియమములకు సరిపడు ఎంపెగ్‌-2 బొమ్మ ఫైలును, ఏసీ3 (అనగా డాల్బీ డిజిటల్) ధ్వని ఫైలును వేర్వేరుగా తీయవలెను. లేదా కెనోపస్ హెచ్‌క్యూ, ప్రోరెస్, డీఎన్ఎక్స్‌హెచ్‌డీ వంటి, నష్టము కంటికి కనబడని మధ్యరూపమున తీసి, మంచి ఎన్‌కోడరునకు అప్పగింపవలెను. పెండ్లి స్టూడియోలలో ప్రసిద్ధమైన ఎడియస్‌తో కెనోపస్ హెచ్‌క్యూ సిద్ధముగానే వచ్చును. దానిని వాడక ఎంపీ4ను వాడుటకు కారణము హార్డుడిస్కులో చోటు ఆదా యొక్కటే. ఎన్‌కోర్ వంటి ఆథరింగు సాధనములలో, నియమబద్ధమైన ఫైలు పెట్టినప్పుడు దానిని మరల ఎన్‌కోడు చేయనక్కరలేదని ఆ ఫైలు ప్రక్కనే చూపును. ఆ గుర్తు కనబడనంతవరకు డిస్కు కాల్చరాదు.

అక్షరముల వణకు గూర్చి ఒక మాట. ఒక్క గీత మందముగల సన్నని అడ్డగీత ఇంటర్లేసు చిత్రమున ఒక ఫీల్డులో మాత్రమే కనబడి, రెండవ ఫీల్డులో మాయమగును. అనగా సెకనుకు 25 మారులు వెలిగి ఆరును. పట్టుచీరె జరీ మెరమెరలాడుటకును, అక్షరములు వణకుటకును ఇదే మూలము. ఆంగ్లాక్షరములకంటె మన అక్షరములకు ఈ బాధ హెచ్చు. సన్నని తలకట్లు, గుడులు, చిన్నవియైన వత్తులు మనకు సమృద్ధిగా గలవు. లావైన ఫాంటును ఎన్నుకొని, నిలువు దిశలో అతి స్వల్పమైన మసకను కలిపినచో వణకు నిలిచిపోవును. పేర్లను తెర అంచున పెట్టరాదు, కొన్ని టీవీలు అంచులను కత్తిరించును గనుక, అడుగున నున్న వత్తులు ఊడి, "చి. ల. సౌ." వారి పేరే మారిపోవచ్చును.

ముఖములు సాగుట మరింత అల్పమైన తప్పు. 720, 576 అను అంకెలు వెడల్పు చిత్రమునకును, పాత నలుచదరపు చిత్రమునకును సమానమే. ఏది ఏదియో చెప్పునది 16:9 అను ఒక గుర్తు మాత్రమే. అది మరచుటవలన నిండు చందమామ కోడిగ్రుడ్డగును. హెచ్‌డీ రంగుల కొలతయు డీవీడీ రంగుల కొలతయు వేర్వేరు సూత్రములవి గనుక వానిని మార్చి దింపవలెను. తెలుపు నలుపుల హద్దులు 16 నుండి 235 వరకని మరచినచో, పెండ్లికొడుకు పంచె మడతలన్నియు ఒకే తెల్లని అట్టగా మారును. తలంబ్రాలకు చెప్పినంత వివరముగా వీనికి చెప్పనక్కరలేదు. ఒక్కసారి సెట్టింగు సరిచేసుకొన్నవాడు జన్మలో మరల మరవడు.

అమెరికాకు పంపు డిస్కుల విషయమున మరియొక ప్రబలమైన అపనమ్మకము కలదు. న్యూజెర్సీలోనో డల్లాస్‌లోనో ఉన్న కొడుకు, "డిస్క్ ఆడట్లేదు నాన్నా" అనగానే ఇక్కడివారు "రీజియన్ కోడ్" అని నిట్టూర్చుదురు. స్టూడియో కాల్చిన డిస్కునకు రీజియన్ కోడు సామాన్యముగా పెట్టరు. ఆడకపోవుటకు కారణము పాల్, ఎన్‌టీఎస్‌సీ భేదము. అక్కడి విధానమున 480 గీతలు, సెకనుకు 29.97 ఫ్రేములు, అక్కడి ప్లేయరులు, టీవీలు పెక్కు మన 25 ఫ్రేముల డిస్కును స్వీకరింపవు. మన డిస్కును ఎన్‌టీఎస్‌సీగా మార్చునప్పుడు ప్రాజెక్టు సెట్టింగు మాత్రము మార్చి ఎక్స్‌పోర్టు చేసినచో, ప్రక్కప్రక్క ఫ్రేములు ఒకదానిలో ఒకటి కలిసి దయ్యపు నీడలు పడును. ఇదివరకు విదేశపు అంగళ్లకై తయారైన మన సినిమా డీవీడీలలో కొన్నింటికి ఈ జబ్బే సోకియుండెను. కదలికను గణించి క్రొత్త ఫ్రేములను నిర్మించు పద్ధతిలో దానిని మార్చుటకు సాధనములున్నవి. యంత్రమునకు ఒక రాత్రి పట్టును, మనిషికి పట్టదు.

చివరి వాదము, "ఈ రోజుల్లో డీవీడీ ఎవరు చూస్తారండీ, పెన్‌డ్రైవ్ ఇచ్చేస్తే సరి" అన్నది. ఆపిల్ వారు డీవీడీ స్టూడియో ప్రోను 2011లో విడిచిపెట్టిరి. అడోబీ వారు ఎన్‌కోర్‌ను సీఎస్6తో ముగించిరి. వాడుక తగ్గిన మాట కాదనను. కాని తగ్గినదని చెప్పుచునే, బంగారు అక్షరముల పెట్టెలో, వధూవరుల ఫొటో కాగితము అంటించిన డిస్కును పెట్టి, దానికి సొమ్ము పుచ్చుకొనుచున్నారు గదా? ఎవరును చూడరన్నచో అమ్మరాదు. అమ్మినచో బాగుగా చేసి అమ్మవలెను. ఆ కాగితపు స్టిక్కరు డిస్కు తూకము చెడగొట్టి ప్లేయరును తడబరచునన్నది వేరుగా చెప్పవలసిన సంగతి. అచ్చువేయుటకు వీలైన తెల్లని డిస్కులు దొరకుచుండగా ఆ జిగురేల? ఇంతకును పెన్‌డ్రైవులోనికి పోయినను చిత్రము ఎక్స్‌పోర్టు గుండానే పోవలెను. ఫీల్డులను చంపినవాడు, ఒకదాని మీద నొకటి సంపీడనము చేసినవాడు, పెన్‌డ్రైవులోను అదే చిత్రమును పెట్టును. అచ్చట మాత్రము నిందింపదగిన డిస్కు ఉండదు.

కావున వీడియో తీయించుకొను గృహస్థులకు నా మనవి. బేరము కుదుర్చుకొనునాడే, ఒక డిస్కులో గంటన్నరకు మించి ఉండరాదనియు, మించినచో రెండు డిస్కులు ఈయవలెననియు, ధ్వని డాల్బీలో ఉండవలెననియు, ఎడిటింగు పూర్తియైన హెచ్‌డీ ఫైలును కూడ వేరుగా ఈయవలెననియు చీటీ మీద వ్రాయించుకొనుడు. మిగిలిన సొమ్ము చెల్లించుటకు ముందు, కంప్యూటరు మీద గాక మామూలు ప్లేయరులో, పెద్ద టీవీ మీద, తలంబ్రాలును మంగళసూత్రధారణమును పెట్టి చూపుమనుడు. గళ్లు కనబడినచో డిస్కును బల్లమీదనే విడిచి, మరల ఎక్స్‌పోర్టు చేసి ఇమ్మనుడు. అందుకు వారికగు ఖర్చు ఒక రాత్రి కంప్యూటరు పనియు, ఒక ఖాళీ డిస్కును మాత్రమే.